మహాలే చింపాంజీలను చూడటానికి ఏ నెల మంచిది?

ప్రశ్న: టాంజానియాలోని మహాలే కొండల్లో చింపాంజీలను చూడాలని ఉంది. పిల్లల వేసవి సెలవుల్లో, మే నెలలో వెళ్లవచ్చా?

జవాబు: మే వద్దండి, ఆగస్టు - అక్టోబరు మధ్యకు మార్చుకోండి. మనకు ఎండలు మండే మార్చి - మే నెలల్లోనే అక్కడ పెద్ద వానలు. విడిదులు చాలావరకు మూసి ఉంటాయి. పార్కులో రోడ్లు లేవు. టాంగన్యీకా సరస్సు మీద పడవలో చేరి, ఆపైన నడవాల్సిందే. తడిసిన నిటారు బాటల్లో ఆ నడక ప్రమాదం కూడా. వానలు తగ్గి నేల ఆరేకొద్దీ చింపాంజీలు తరచుగా కింది వాలుల్లోకి దిగుతాయి, కాబట్టి నడక తగ్గుతుంది. వానల్లో అడవి పచ్చగా ఉంటుంది, జనం తక్కువ అనే వాదన ఉంది. నిజమే, కానీ దట్టమైన ఆకుల మధ్య జంతువు కనబడటమే కష్టం. చింపాంజీలు తిరిగేది పండిన చెట్ల వెంట. ఏ చెట్టు ఎప్పుడు పండుతుందన్నది ఏటా ఒకేలా ఉండదు. అందుకని మంచి నెలలోనైనా ఒక్కరోజుకే పరిమితం కాకుండా రెండు మూడు రోజులు ఉంచుకోండి.

సెలవుల్లో తప్ప వీలుకాదంటే జూన్ మొదట్లో ఉగాండాలో చింపాంజీలుండే కిబాలే అడవికి వెళ్లండి. అప్పటికి అక్కడ పొడి కాలం మొదలవుతుంది. ఎక్కడికెళ్లినా జలుబు, దగ్గు ఉంటే అడవిలోకి వెళ్లకండి, అవి చింపాంజీలకు సోకవచ్చు. 2006లో మహాలేలో శ్వాసకోశ వ్యాధి సోకి చింపాంజీలు చనిపోయాయి. అక్కడ సందర్శకులు మాస్కు కట్టుకోవాలన్న నియమం అందుకే.