చేసి నేర్చుకొను శాస్త్రము: పంచాయతీ చేయదగిన సాయము

గ్రామములోని ప్రాథమిక పాఠశాలకు పోయినపుడు పంచాయతీ సభ్యులు గోడలు, పైకప్పు, త్రాగునీరు, పిల్లల హాజరు విచారించుట పరిపాటి. ఇవి తప్పక విచారింపవలసినవే. వీనితోపాటు మరొక ప్రశ్న కూడ అడుగవలెనని మేము కోరుచున్నాము. శాస్త్ర పాఠము జరుగునపుడు పిల్లల చేతులలో పుస్తకము మాత్రమే ఉన్నదా? లేక విత్తనము, మట్టి, నీరు, ఆకు కూడ ఉన్నవా?

ఈ ప్రశ్న ఏల ముఖ్యమో ఒక ఉదాహరణము చూతము. దోమలు మురికినీటిలో పుట్టునని పిల్లలు వల్లింతురు. అది కొంతవరకే నిజము. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇండ్లలో నిలువయుంచిన తేటనీటిలోనే గ్రుడ్లు పెట్టును. పాఠమును వల్లించిన పిల్లవాడు తన ఇంటి మూతలేని తొట్టిని అనుమానింపడు. ఆ తొట్టి నీటిని గాజుసీసాలో పోసి, అందు కదలాడు పురుగులను కన్నులార చూచిన పిల్లవాడు ఆనాడే తల్లికి చెప్పును. రెండు చదువులకు గల భేదము ఇదియే.

మన బాధ్యత

ఇది క్రొత్త కోరిక కాదు. 1980 దశకములో బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము, పిల్లలు పని చేయుచు, తామే కనుగొనుచు నేర్వవలెననియు, ఊరి పరిసరములనే బోధనకు వాడుకొనవలెననియు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చెను. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము సైతము కృత్యముల ద్వారా, అన్వేషణ ద్వారా బోధన సాగవలెనని నిర్దేశించుచున్నది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక విద్యను చేర్చినది. కనుక ఈ విషయము ఉపాధ్యాయునిదే గాని మనది కాదనుటకు వీలులేదు.

పాఠశాలలో చేయదగిన పనులు

మొదటిది విత్తనముల పరీక్ష. మూడు గిన్నెలలో పెసలు వేయవలెను. ఒకదానిలో పొడిగా ఉంచవలెను. రెండవదానిలో తడిగుడ్డపై పరువవలెను. మూడవదానిలో నిండుగ నీరు పోసి ముంచవలెను. పిల్లలు ప్రతిదినము చూచి పలకపై వ్రాసికొందురు. పొడి గింజ మొలవదు. తడిగుడ్డపై గింజ చక్కగా మొలచును. మునిగిన గింజ మొలక చూపినను గాలి చాలక ఎదుగదు, తుదకు కుళ్ళును. విత్తిన చేనిలో నీరు నిలిచిన రైతు ఏల కలత చెందునో పిల్లలకు అప్పుడు తెలియును.

రెండవది నీడకర్ర. ఆటస్థలములో ఒక కర్రను నిలువుగా పాతి, గంట గంటకు నీడ కొనవద్ద గులకరాయి పెట్టవలెను. నీడ మిక్కిలి పొట్టిగా ఉన్న వేళ అది ఉత్తర దక్షిణ రేఖపై ఉండును. దిక్కులు పుస్తకమునుండి గాక నేలపైనుండియే తెలియును. పిల్లలు నీడను చూడవలెనే గాని సూర్యుని వంక చూడరాదు.

మూడవది నీటి వడపోత. అడుగు కోసిన ప్లాస్టిక్ సీసాను తలక్రిందుగా పట్టి, మూతివద్ద గుడ్డ కట్టి, గులకరాళ్ళు, ముతక ఇసుక, వానిపై సన్నని ఇసుక నింపవలెను. పైనుండి పోసిన బురదనీరు క్రింద చాలవరకు తేటపడి దిగును. అసలు పాఠము ఇక్కడనే ఆరంభమగును. ఈ నీరు త్రాగవచ్చునా? త్రాగరాదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు తేటనీటిలోను ఉండును. అందులకే నీటిని మరగించుటయు, పంచాయతీ ట్యాంకులో తగు పాళ్ళలో బ్లీచింగ్ పొడి కలుపుటయు అవసరమగుచున్నవి.

నాలుగవది దోమల పరిశీలన. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఓపికతో చూచుటయే ఆయన పని. పిల్లలును చూడగలరు. పురుగులున్న నీటిని సీసాలో పోసి, మూతిని పలుచని గుడ్డతో గట్టిగా కట్టవలెను. పురుగులు గాలికొరకు నీటిపైకి వచ్చి తలక్రిందుగా వ్రేలాడుటయు, పిదప రూపు మారుటయు, తుదకు దోమయై లేచుటయు కనబడును. గ్రుడ్డు దోమ యగుటకు సాధారణముగా వారము పది దినములు పట్టును. వారమునకొకసారి తొట్లను ఖాళీ చేయుమని ఆరోగ్య సిబ్బంది చెప్పుటకు కారణమిదియే. డెంగీ దోమ గ్రుడ్లు పాత్ర గోడకు అంటుకొని, ఎండిననుకూడ నెలలతరబడి బ్రతుకును. కావున నీరు పారబోసిన చాలదు, తొట్టిని రుద్ది కడుగవలెను. పరిశీలన ముగిసిన వెంటనే, ఒక్క దోమయు బయటకు పోకుండ, సీసా నీటిని ఎండిన నేలపై పారబోయవలెను.

పంచాయతీ చేయవలసినవి

ఈ పనులకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఈ క్రింది సాయము చాలును.

1. వస్తువులు భద్రపరచుటకు తాళముగల ఒక బీరువా, చేతులు కడుగుకొనుటకు నీరు, మొక్కలకు కంచె వేసిన కొద్ది స్థలము ఏర్పాటు చేయవలెను.

2. సీసాలు, గిన్నెలు, ఇసుక, విత్తనములు ఊరివారినుండి సేకరించి ఇయ్యవలెను. పురుగుమందుల డబ్బాలు, మందు పట్టించిన విత్తనములు బడికి ఎంతమాత్రము ఇయ్యరాదు.

3. ఊరి కుమ్మరి, వడ్రంగి, రైతు, మంత్రసాని, ఆరోగ్య కార్యకర్త మున్నగువారిని అప్పుడప్పుడు బడికి పిలిపించి, తమ పనిలోని మెలకువలను పిల్లలకు చూపింపవలెను.

4. పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక ప్రతినిధులకును చట్టము చోటిచ్చినది. ఆ సమావేశములలో మార్కులతోపాటు పిల్లలు చేసిన పనులను గూర్చియు అడుగవలెను.

5. పాఠము చేతిపనిగా సాగునపుడు గదిలో కొంత సందడి యుండును, వ్రాతపని ఆలస్యమగును. దానినిబట్టి ఉపాధ్యాయుని నిందింపరాదు.

పిల్లల ప్రశ్న

ఇట్టి చదువునకు ఒక ఫలితము తప్పదు. వడపోత చేసిన పిల్లలు ట్యాంకును ఎప్పుడు కడిగిరని మనలనే అడుగుదురు. దోమలను చూచిన పిల్లలు కార్యాలయము వెనుక పడియున్న పాత టైరులలో నీరేల నిలిచినదని అడుగుదురు. కొందరు సభ్యులకు ఇది కష్టముగా తోచవచ్చును. కాని చిన్నవారి ప్రశ్నను అవిధేయతగా భావింపరాదు. నెలకొకసారి ఆ ప్రశ్నలను పంచాయతీ సమావేశములో చదివించి, సమాధానమునైనను, చేసిన పనినైనను బడికి తెలుపుట మంచిది. తన ప్రశ్నవలన ట్యాంకు శుభ్రపడినదని ఎరిగిన పిల్లవాడు శాస్త్రమును మరువడు. ఊరికిని మంచినీరు దక్కును.