లిక్టెన్‌స్టైన్ దేశపు వర్తక నిబంధనలు

వర్తకమునుగూర్చి మన విద్యార్థులు భూగోళ పాఠములలో చదువునది మిక్కిలి కొంచెము. ఏ దేశమున నేమి పండును, ఏ రేవునుండి యేమి యెగుమతి యగును అనుటతో పాఠము ముగియును. సరకు సరిహద్దు దాటునప్పుడు ఎవరి శాసనమునకు లోబడవలెనో, ఆ శాసనమును చేయువా రెవరో పాఠములు చెప్పవు. ఈ సంచికలో నొక మిక్కిలి చిన్న దేశమును తీసికొని యా సంగతిని పరిశీలింపదలచితిమి. అంగళ్లలో ప్రతిదినము తూనికలతోను పన్నులతోను పెనగులాడు తలిదండ్రుల కిది కొంత పరిచితముగనే తోచునని నమ్ముచున్నాము.

ఐరోపా పటమున స్విట్జర్లండునకును ఆస్ట్రియాకును నడుమ, రైను నదికి తూర్పు గట్టున, వ్రేలు పెట్టిన కప్పబడిపోవునంత చోటున లిక్టెన్‌స్టైన్ కలదు. వైశాల్యము 160 చదరపు కిలోమీటర్లు. జనులు సుమారు 40,000. దీనికి సముద్రము లేదు, సైన్యము లేదు, సొంత నాణెమును లేదు. స్విట్జర్లండువారి ఫ్రాంకే యిచట చెల్లును. అయినను కర్మాగారములకు కొదువ లేదు. షాన్ అను గ్రామమున గోడలు తొలుచు యంత్రములు చేయు హిల్టీ కంపెనీయు, కృత్రిమ దంతములు చేయు ఇవోక్లార్ కంపెనీయు నున్నవి. నలువదివేలమంది యెన్ని పండ్లు కట్టించుకొందురు? ఎన్ని గోడలు తొలుతురు? చేసిన సరకు పొరుగు దేశములకు పోనిచో ఆ కర్మాగారములు మూతపడవలసినదే. కావున పొరుగువారి వర్తక నిబంధనలు ఈ దేశమునకు అన్నవస్త్రముల సమస్య.

పొరుగువారి నిబంధనలనగా సుంకము మాత్రమే యని పలువురు తలంతురు. అది పొరపాటు. పొరుగూరి సంతకు నూనె తీసికొనిపోవు వర్తకు నొక్కని తలచుకొందము. సుంకపు గేటు ఎత్తివేసిరి; బండి లోనికి పోయినది. అంతట సంత పెద్ద వచ్చి, "నీ కుంచము మా కుంచము కాదు, నీ డబ్బాపై మా ముద్ర లేదు, మా పరీక్షకుడు చూచువఱకు అమ్మరాదు" అనెను. సుంకము దమ్మిడీ లేకున్నను నూనె అమ్ముడుపోలేదు. నేటి ఐరోపాలో వర్తకులను బాధించునది ఈ రెండవ గేటే. స్విట్జర్లండు ప్రభుత్వము 2024 జనవరి 1 నుండి పారిశ్రామిక వస్తువుల దిగుమతి సుంకములను సర్వదేశములకును రద్దుచేసినది. అయినను పొరుగున నున్న ఐరోపా సమాఖ్యతో దానికిగల నిబంధనల వ్యవహారము సమసిపోలేదు.

ఇచట మూడు మాటల భేదమును విద్యార్థులు గుర్తింపవలెను. కొన్ని దేశములు తమలోతాము సుంకములు తీసివేసికొని, బయటివారిపై నెవరి సుంకము వారే విధించుకొన్నచో అది స్వేచ్ఛా వర్తక మండలము. ఇందు సరకు నిజముగ నెచట పుట్టినదో చూపు ధ్రువపత్ర మవసరము. లేనిచో బయటి సరకు తక్కువ సుంకముగల వాకిట దూరి ఎక్కువ సుంకముగల యింటికి చేరును. బయటివారిపై సుంకము సయిత మొక్కటియే యైనచో అది సుంకపు కూటమి. వస్తువు లెట్లుండవలెనను శాసనములుకూడ నొక్కటియై, ఒకచోట అమ్మదగినది అన్నిచోట్లను అమ్మదగిన దైనచో అది యేకవిపణి. ఐరోపా సమాఖ్యవారి యేకవిపణి 1993 జనవరి 1న ఆరంభమైనది.

లిక్టెన్‌స్టైన్ చాలకాలమునుండి పెద్ద పొరుగువారి నాశ్రయించియే బ్రతికినది. 1852 నుండి ఆస్ట్రియాతో సుంకపు కూటమిలో నుండెను. మొదటి మహాయుద్ధమున ఆస్ట్రియా సామ్రాజ్యము కూలగా 1919లో ఆ యొడంబడికను విడిచి, 1923లో స్విట్జర్లండుతో క్రొత్తది వ్రాసికొనెను. అది 1924 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. నాటినుండి రైను నదిమీద సుంకపు గేటు లేదు. ఆస్ట్రియావైపు సరిహద్దును స్విట్జర్లండు సుంకాధికారులే కాచుదురు. స్విట్జర్లండువారి సుంకములే లిక్టెన్‌స్టైన్ సుంకములు.

ఈ యేర్పాటు చిరకాలము చక్కగనే సాగినది. ఇంతలో ఏకవిపణిని తమలో చేరని పొరుగు దేశములకును విస్తరింపజేయుటకై ఐరోపా ఆర్థిక మండలమను నొడంబడిక 1992 మే 2న పోర్టో నగరమున వ్రాయబడెను. ఇందు చేరవలెనా యని స్విట్జర్లండు ప్రజలను 1992 డిసెంబరు 6న అడుగగా, నూటికి 50.3 వంతులవారు వలదనిరి. లిక్టెన్‌స్టైన్‌లో వోటు దినము విషయమై రాజు రెండవ హాన్స్ ఆడమ్‌నకును ప్రభుత్వమునకును పెద్ద వివాదమే పొడమినది. స్విట్జర్లండుకంటె ముందే తీర్పు చెప్పవలెనని రాజు, తరువాతనే చెప్పవలెనని ప్రభుత్వము. తుదకు వారము తరువాత, డిసెంబరు 13న వోటు జరుగగా, నూటికి 55.8 వంతులవారు చేరుదమనిరి. డెబ్బది యేండ్లుగ చేయిపట్టుకొని నడచిన పెద్ద పొరుగువాడు వలదన్న వారమునకే చిన్నవాడు సరే యనుట సామాన్యమైన సాహసము కాదని మా యభిప్రాయము.

కాని చిక్కు అప్పుడే మొదలైనది. స్విట్జర్లండుతో వ్రాసికొన్న పత్రము ప్రకారము అచటి వస్తు శాసనములే యీ దేశమునను చెల్లవలెను. క్రొత్త పత్రము ప్రకారము సమాఖ్య శాసనములు చెల్లవలెను. రెండును సరిపడని వస్తువు మాటయేమి? రైను వంతెనలపై మరల గేట్లు కట్టవలెనా? స్విట్జర్లండుతో పాత యొడంబడికను సవరించుకొనుటకు రెండేండ్లకుపైగ పట్టినది. 1995 ఏప్రిలు 9న ప్రజల నింకొకమారు అడిగిరి, నూటికి 55.9 వంతులవారు మరల సమ్మతించిరి. మే 1న దేశము మండలములో చేరెను. ఆ సంవత్సరపు జనవరి 1ననే తూర్పు పొరుగైన ఆస్ట్రియాయును సమాఖ్యలో సభ్యత్వము పొందియుండెను.

కనుగొన్న యుపాయ మిది. రెండు శాసనములలో దేనికి సరిపడిన వస్తువునైనను లిక్టెన్‌స్టైన్‌లో అమ్మవచ్చును. అయితే మండలపు శాసనమునకు మాత్రమే సరిపడి, స్విట్జర్లండు శాసనమునకు సరిపడని వస్తువు రైను దాటి పడమటికి పోరాదు. నదిపై కావలివాడు లేడు గదా, దీనిని కాచువా రెవరు? దేశపు కచ్చేరీ గుమాస్తాలు. సరకు ఆస్ట్రియావైపు వచ్చినపుడే సుంకపు పత్రములనుబట్టి దానిని లెక్కలో నెక్కించి, అది యెచటికి పోయినదో విచారింతురు. కావలిబంటులు చేయవలసిన పనిని కాగితములు చేయుచున్నవన్నమాట. దేశము చిన్నదగుటచేతనే యిది సాధ్యమైనది.

దీని ఫలము 2021లో తేటపడినది. స్విట్జర్లండు సమాఖ్యతో కుదుర్చుకొనదలచిన యొక పెద్ద యొడంబడికపై సంప్రతింపులను ఆ యేడు మే 26న విరమించుకొనెను. సమాఖ్యవారి క్రొత్త వైద్యపరికరముల శాసనము అమలులోనికి వచ్చినదియు నా దినముననే. పరస్పర గుర్తింపు పత్రమున నా భాగము నవీకరింపబడకపోవుటచే, స్విట్జర్లండు పరికరములు చేయువారు సమాఖ్యవైపున నొక ప్రతినిధిని నియమించుకొని, అతని పేరు చీటిపై వేయవలసి వచ్చినది. నదికి తూర్పు గట్టున చేసిన పరికరమున కీ బాధ లేదు. ఏలయన నది మండలములోనిది.

మరి దీనికి వెల లేదా? కలదు, అది చిన్నదియు కాదు. మండలములోని లిక్టెన్‌స్టైన్, ఐస్‌లండు, నార్వే దేశములు సమాఖ్య శాసనముల నమలు చేయవలెను గాని, వానిని చేయు సభలో వాటికి వోటు లేదు. ముసాయిదా దశలో వారి నిపుణులు మాటలాడవచ్చును, అంతే. వలదను హక్కు కాగితముపై నున్నది. దానిని వాడినచో ఒడంబడికలోని సంబంధించిన భాగము నిలిచిపోవచ్చును. నార్వే ప్రభుత్వము 2011లో తపాలా శాసన మొకదానిని అంగీకరింపమని ప్రకటించెను. 2013లో వచ్చిన క్రొత్త ప్రభుత్వ మా మాటను వెనుకకు తీసికొనెను. వోటు లేని విధేయతను స్వాతంత్ర్యమని పిలుచుట మా కిష్టము లేదు. అయితే ఈ మూడు దేశముల తగవులు తీర్చు న్యాయస్థానమున ముగ్గురు న్యాయాధిపతులు. అందొకరిని లిక్టెన్‌స్టైన్ ప్రతిపాదించును. నలువదివేల జనులకు మూడింట నొక పీఠము!

ఏకవిపణిలో సరకులతోపాటు మనుష్యులకును ఎచటనైన నివసించు స్వేచ్ఛ కలదు. ఆ నియమము నున్నదున్నట్లు పాటించినచో ఇంత చిన్న దేశము క్రిక్కిరిసిపోవునని లిక్టెన్‌స్టైన్ వాదించి మినహాయింపు సంపాదించుకొనెను. మండలమునుండి వచ్చువారిలో పనిచేయువారికి ఏటేట 56, ఇతరులకు 16 నివాసపు అనుమతులిచ్చిన చాలును. 2014 ఫిబ్రవరి 9న స్విట్జర్లండు ప్రజలును ఇట్టి పరిమితినే కోరుచు వోటు చేసిరి గాని సమాఖ్యవారు వినిపించుకొనలేదు. పెద్దవానికి దొరకనిది చిన్నవానికి దొరకినది. ఆ యనుమతులలో సగము చీట్లు తీసి పంచుదురు. దేశమున పనిచేయువారిలో సగమునకుపైగ ప్రతి యుదయము స్విట్జర్లండు, ఆస్ట్రియా, జర్మనీ దేశములనుండి వచ్చి, సాయంకాలమునకు తమ దేశమునకు తిరిగిపోవుచుందురు.