టీకాల లెక్క: లవము, హారము

ఆరో తరగతిలో భిన్నాలు చెప్పేటప్పుడు మా లెక్కల మాస్టారు "పైనుండేది లవము, కిందుండేది హారము. హారం తప్పితే లవం ఎంత బాగా వేసినా లెక్క గోవిందా!" అనేవారు. ఆ మాట కాలేజీ దాకా నా వెంట వస్తుందని అప్పుడు అనుకోలేదు.

"ఫలానా రాష్ట్రంలో ఇంత శాతం పిల్లలకు టీకాలు పడ్డాయి" అని పేపర్లో చదువుతుంటాం. ఆ శాతం కూడా ఒక భిన్నమే. పైన టీకా పడిన పిల్లలు, కింద టీకా పడవలసిన పిల్లలు. పైవాళ్ళను లెక్కపెట్టడం తేలిక. వాళ్ళు సూది దగ్గరకు వచ్చినవాళ్ళు. మరి కిందివాళ్ళను ఎవరు లెక్కపెడతారు, ఎలా లెక్కపెడతారు? ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

ఎంత శాతం చాలు?

పెద్దవాళ్ళు తట్టు అనే జబ్బునే డాక్టర్లు మీజిల్స్ అంటారు. ఎవరికీ రక్షణ లేనిచోట ఒక తట్టు రోగి 12 నుంచి 18 మందికి అంటిస్తాడని లెక్క. వ్యాధి వెనక్కు తగ్గాలంటే ఒక్కొక్క రోగి ఒకరికంటే ఎక్కువమందికి అంటించగూడదు. అంటే ఆ 18 మందిలో 17 మందికైనా రక్షణ ఉండాలి. 17ను 18తో భాగిస్తే 94 శాతం చిల్లర వస్తుంది. అందుకే 95 శాతం అనే గీత గీశారు. ఒక మోతాదుతో అందరికీ రక్షణ రాదు కాబట్టి 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేస్తారు.

ఐతే రాష్ట్రం మొత్తానికి 95 వచ్చినంత మాత్రాన నిద్రపోవడానికి లేదు. టీకా పడని అయిదుగురు అయిదు ఊళ్ళలో ఉంటే ఒక సంగతి. అయిదుగురూ ఒకే గుడారాల వరసలో ఉంటే ఇంకొక సంగతి. వ్యాధికి సగటుతో పని లేదు.

హారం ఎక్కడినుంచి వస్తుంది?

మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. ఒక కేంద్రానికి సంవత్సరానికి ఎంతమంది పిల్లలు రావాలో జనాభాను జననాల రేటుతో హెచ్చించి అంచనా వేస్తారు. చిక్కు అక్కడే మొదలౌతుంది. 2011 జనగణనలో పాత గుంటూరు జిల్లా జనాభా 48.87 లక్షలు, ప్రకాశం 33.97 లక్షలు. 2021లో జరగవలసిన జనగణన ఆ ఏడు జరగలేదు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలు వేర్వేరయ్యాయి. బాపట్లలో కొంత భాగం ప్రకాశం నుంచి వచ్చింది. కాబట్టి "గుంటూరు జిల్లా" అన్న పేరు ఒకటే అయినా, 2021 నాటి శాతాన్నీ 2023 నాటి శాతాన్నీ పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనడానికి వీల్లేదు. రెండింటికీ హారం వేరు.

ఒక చిన్న లెక్క

ఊహకు ఒక ఆరోగ్య కేంద్రం తీసుకుందాం. జనాభా 30,000. జననాల రేటు వెయ్యికి 16 అనుకుంటే ఏడాదికి 480 మంది పిల్లలు. రిజిస్టరు ప్రకారం తట్టు టీకా 456 మందికి పడింది. 456ను 480తో భాగిస్తే 95 శాతం. శభాష్!

ఇప్పుడు రిజిస్టరు తిరగేద్దాం. మన ఆడపడుచులు కానుపుకు పుట్టింటికి వస్తారు. కొందరు బిడ్డకు నెలలు నిండేదాకా ఉండి టీకాలు ఇక్కడే వేయించుకుని పోతారు. ఆ 456 మందిలో అలాంటి పిల్లలు 36 మంది అనుకోండి. వాళ్ళు లవములో ఉన్నారు గానీ మన హారములో లేరు. వాళ్ళను తీసేస్తే 420 బై 480, అంటే 87.5 శాతం.

ఇంకొక సంగతి. మిరపకోతలకు వచ్చిన కూలీల గుడారాల్లో ఆ వయసు పిల్లలు 40 మంది ఉన్నారనీ, 10 మందికే టీకా పడిందనీ అనుకుందాం. 430 బై 520. సుమారు 83 శాతం.

95 అన్నది 83 అయింది. ఎవరూ దొంగలెక్క రాయలేదు. ఉన్న బిడ్డను హారంలో వేయలేదు, అంతే. పుట్టింటికొచ్చిన పిల్లలు మరీ ఎక్కువైతే లెక్క నూరు శాతం దాటడం కూడా ఉంది!

ముప్ఫై చోట్ల, ఏడేసి మంది

రిజిస్టర్లతో పని లేకుండా కొలిచే పద్ధతి ఒకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. జిల్లాలోని ఊళ్ళన్నీ జనాభాతో సహా జాబితా వేసి, పెద్ద ఊరికి ఎక్కువ అవకాశం వచ్చేలా 30 చోట్లు ఎంచుతారు. ఒక్కొక్క చోట 12 నుంచి 23 నెలల వయసు పిల్లలను ఏడుగురిని చూస్తారు. మొత్తం 210 మంది. కార్డు చూస్తారు, లేకపోతే తల్లిని అడుగుతారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి నాలుగు మెతుకులు పట్టి చూడటం లాంటిదే ఇది. జవాబు పది శాతం అటూ ఇటూగా వస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా నమూనా పద్ధతిదే. ఆ సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆ వయసుకు ముఖ్యమైన టీకాలన్నీ పడిన పిల్లలు 2015–16లో 65 శాతం, 2019–21లో 73 శాతం. పెరుగుదల సంతోషమే. కానీ నలుగురిలో ఒకరికి ఇంకా బాకీ ఉంది. పైగా సర్వే ఎంతమందో చెబుతుంది గానీ ఎవరో చెప్పదు. ఇళ్ళ జాబితా పట్టుకుని తిరిగే సర్వేకు పొలంలో వేసిన గుడారం కనబడటం కూడా కష్టమే.

మశూచి, పోలియో నేర్పిన పాఠం

మన దేశంలో మశూచి నిర్మూలన పథకం 1962లో మొదలైంది. కోట్ల టీకాలు వేసినట్లు పద్దులు చెప్పాయి, అమ్మవారు మాత్రం పోలేదు. సులువుగా దొరికే బడిపిల్లలకే మళ్ళీ మళ్ళీ వేస్తే లవం పెరుగుతుంది, మిగిలిపోయినవాళ్ళు మిగిలిపోయే ఉంటారు. తర్వాత పద్ధతి మార్చి, ఇంటింటికీ తిరిగి రోగిని వెతికి, చుట్టుపక్కల అందరికీ టీకా వేశారు. 1975తో దేశంలో మశూచి ఆగిపోయింది. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. మా నాయనమ్మ జబ్బ మీద ఆ టీకా మచ్చ ఇప్పటికీ ఉంది. ఆమె రిజిస్టరు ఆమె చేతి మీదే ఉందన్నమాట!

1995లో దేశమంతటా మొదలైన పల్స్ పోలియో ఇంకొక అడుగు ముందుకు వేసింది. చుక్కలు పడిన బిడ్డకు ఎడమచేతి చిటికెనవేలిపై సిరాగుర్తి. పిల్లలందరికీ పడిన ఇంటి గోడమీద "పి", ఎవరైనా తప్పిన ఇంటిమీద "ఎక్స్". ఎక్స్ ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఇటుకబట్టీల దగ్గర కూడా బృందాలు నిలబడ్డాయి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో వచ్చింది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియోరహితమని ధ్రువపరిచారు. తప్పిపోయిన బిడ్డను లెక్కలో పెట్టుకోవడమే ఆ విజయ రహస్యమని నాకనిపిస్తుంది.

మా కళ్ళం దగ్గర

మాకు నాలుగెకరాల మిరప ఉంది. సంక్రాంతి దాటితే కర్నూలు వైపు నుంచి కోతలకు ముఠాలు దిగుతాయి. కళ్ళం పక్కనే గుడారాలు. కిందటేడు సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఊళ్ళో టీకాల రోజు వచ్చింది. గుడారంలో ఏడాది లోపు పాప ఒకతె చీర ఉయ్యాలలో ఉంది. "కార్డు ఉందా అక్కా?" అని అడిగాను.

"ఊర్లోనే పెట్టొచ్చినాం సారూ. ఆడయితే మా పేరు రాసుకున్నారు. ఈడ ఎవురు రాసుకుంటారు?" అందామె.

సారూ అన్నందుకు నాకే సిగ్గేసింది. తల్లినీ బిడ్డనూ బండి మీద తీసుకెళ్ళాను. నర్సమ్మ జాబితా అంతా చూసి, "ఈ పాప నా లెక్కలోకి రాదే" అంది. అన్నా గానీ, పడిన టీకాల సంగతి తల్లిని అడిగి తెలుసుకుని సూది వేసింది. పేరు పుస్తకం చివరి పేజీలో విడిగా రాసుకుంది. వేయనని పంపేయలేదు, అందుకు ఆమెకు దణ్ణం పెట్టాలి. కానీ ఆ చివరి పేజీ ఏ శాతంలోకి ఎక్కుతుంది?

ఆ రాత్రి మా నాన్న పద్దు పుస్తకం తీశాను. ముఠాలో ఎన్ని తలలు, ఎవరు ఎన్ని కిలోలు కోశారు, యార్డుకు ఎన్ని టిక్కీలు వెళ్ళాయి, అన్నీ ఉన్నాయి. గుడారాల్లో పిల్లలెందరో మాత్రం లేదు. ప్రభుత్వం హారాన్ని తప్పుపట్టే ముందు మా ఇంటి హారం చూసుకోవాల్సి వచ్చింది.

మనం చేయగలిగింది

2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా యూ-విన్ మొదలుపెట్టారు. బిడ్డ పేరు ఒకచోట ఎక్కితే ఏ ఊళ్ళో టీకా వేయించుకున్నా ఆ పేరుకే జమ కావాలన్నది దాని ఉద్దేశం. కార్డు ఊళ్ళో మరిచి వచ్చిన తల్లికి ఇది మంచి మార్గం. ఐనా మొదట ఒక మనిషి వెళ్ళి ఆ పేరు అడగాలి. గుడారం దాకా నడిచే పని కంప్యూటరు చేయదు.

మన కాలేజీలో సగానికి పైగా రైతుబిడ్డలమే. పత్తి తీతలకో, మిరపకోతలకో మన పొలాలకు వచ్చేవాళ్ళ పిల్లల పేర్లు, వయసులు ఒక కాగితం మీద రాసి ఊళ్ళో ఆశా కార్యకర్త చేతికి ఇవ్వడం పెద్ద పని కాదు, పావుగంట చాలు. ఈ ఏడు మా నాన్న పద్దు పుస్తకంలో ఒక పేజీకి నేనే గీతలు కొట్టి పైన "పిల్లలు" అని రాశాను. ఇప్పటికి ఏడు పేర్లు ఎక్కాయి.