బంగారు నేల – రాతి నేల

కొన్ని చోట్ల ముందు ఊరు వెలసి, ఆ తరువాత దానికి పేరు వస్తుంది. మరికొన్ని చోట్ల పేరే ముందు పుడుతుంది. పసిఫిక్ మహాసముద్ర తీరాన ఉన్న అమెరికా రాష్ట్రం కాలిఫోర్నియా ఈ రెండవ కోవకు చెందినది. పదహారవ శతాబ్ది ఆరంభంలో మోన్‌తాల్వో అనే స్పానిష్ రచయిత తన సాహసగాథలో కలాఫియా అనే రాణి ఏలే ఒక దీవిని కల్పించి, దానిని కాలిఫోర్నియా అన్నాడు. ఆ దీవిలో బంగారం తప్ప వేరే లోహమే లేదట! తరువాత పసిఫిక్ తీరం చేరిన స్పానిష్ నావికులు తమకు కనిపించిన భూమికి ఆ కల్పిత నామాన్నే తగిలించారు. హైదరాబాదుకు పడమట ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతానికి 'సైబరాబాదు' అన్న పేరు కూడా ఇట్లాంటిదే. 1990ల చివర ఆ పేరు ప్రచారంలోకి వచ్చేనాటికి అక్కడ ఎక్కువగా ఉన్నవి బండరాళ్ళు, చెరువులు, మేతభూములు. ఈ రెండు ప్రదేశాల నడుమ పదమూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నది. అయినా కాలిఫోర్నియా సంగతి తెలియనిదే మాదాపూర్ సంగతి పూర్తిగా తెలిసినట్లు కాదు.

కాలిఫోర్నియా వైశాల్యం సుమారు 4,24,000 చదరపు కిలోమీటర్లు. అలాస్కా, టెక్సాస్‌ల తరువాత అమెరికాలో ఇదే పెద్ద రాష్ట్రం. సముద్రతీరం పొడవు దాదాపు 1,350 కిలోమీటర్లు. తూర్పున సియెర్రా నెవాడా పర్వతాలు, పడమట తీరపు కొండలు, వాటి మధ్య ఏడువందల కిలోమీటర్ల పొడవున సాగిన సెంట్రల్ వ్యాలీ అనే మైదానం ఈ రాష్ట్రపు ప్రధాన నైసర్గిక స్వరూపాలు. 4,421 మీటర్ల ఎత్తున్న విట్నీ శిఖరం, సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉన్న డెత్ వ్యాలీ ఒకదానికొకటి నూటయాభై కిలోమీటర్ల లోపు దూరంలోనే ఉన్నాయి. మనకు వర్షాలు వేసవి వెంటనే వస్తాయి. అక్కడ చలికాలంలోనే వానలు, వేసవి అంతా అనావృష్టి. పర్వతాలపై కురిసిన మంచు వేసవిలో కరిగి పారితేనే పొలాలకు నీరు. అందుచేత ఆ రాష్ట్ర చరిత్రలో నీటి తగవు లేని దశాబ్దం కనిపించదు. నేల కూడా నిశ్చలమైనది కాదు. శాన్ ఆండ్రియాస్ అనే భూభ్రంశరేఖ రాష్ట్రం వెంబడి సాగుతున్నది. 1906 ఏప్రిల్ 18న వచ్చిన భూకంపం, దాని వెంట చెలరేగిన అగ్నిజ్వాలలు శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని నేలమట్టం చేశాయి.

ఆ నేలకు మూలవాసులు అక్కడి ఆదివాసి తెగల వారు. 1769లో స్పెయిన్ దేశస్థులు శాన్ డియేగోలో తొలి మతకేంద్రాన్ని నెలకొల్పి, క్రమంగా తీరం పొడవునా ఇరవైయొక్క కేంద్రాలను నిర్మించారు. 1821లో మెక్సికో స్వతంత్రం కాగా ఈ ప్రాంతం ఆ దేశానికి సంక్రమించింది. తరువాత అమెరికాకు, మెక్సికోకు యుద్ధం జరిగింది. 1848 ఫిబ్రవరి 2న కుదిరిన సంధి ప్రకారం కాలిఫోర్నియా అమెరికా వశమయింది. ఇక్కడ చరిత్ర ఒక వింత చేసింది. ఆ సంధికి తొమ్మిది రోజుల ముందే, జనవరి 24న, జేమ్స్ మార్షల్ అనే వడ్రంగి కొలోమా వద్ద తాను కడుతున్న రంపపు మిల్లు కాలువలో బంగారు రేణువులు చూశాడు. సంధిపత్రంపై సంతకాలు చేసినవారికి ఈ సంగతి తెలియదు. మెక్సికో ఏమి పోగొట్టుకుంటున్నదో, అమెరికాకు ఏమి దక్కుతున్నదో ఇరుపక్షాలకూ తెలియని బేరం అది!

మరుసటి సంవత్సరానికి ప్రపంచపు నలుమూలల నుండి జనం వచ్చిపడ్డారు. 1850 సెప్టెంబరు 9న కాలిఫోర్నియా ముప్పై ఒకటవ రాష్ట్రంగా అమెరికా సమాఖ్యలో చేరింది. బంగారం తవ్వినవారిలో ధనవంతులైనవారు కొందరే. వారికి పారలు, గుడారాలు, బట్టలు, భోజనం అమ్మిన వర్తకులకు మాత్రం నిలకడైన లాభం వచ్చింది. ఈ సంపదకు మూల్యం చెల్లించినవారు వేరు. 1848లో సుమారు లక్షన్నర ఉన్న ఆదివాసుల సంఖ్య 1870 నాటికి ముప్పై వేలకు పడిపోయింది. వ్యాధులు, ఆకలి, ప్రత్యక్ష హత్యాకాండ అందుకు కారణాలు. నది ఒడ్డున బంగారం అయిపోగా గని యజమానులు ఫిరంగుల వంటి గొట్టాలతో నీటిని చిమ్మి కొండలనే కరిగించసాగారు. ఆ మట్టి, రాళ్ళు నదులలోకి కొట్టుకువచ్చి దిగువనున్న పొలాలను పూడ్చివేశాయి. రైతులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1884లో ఫెడరల్ న్యాయస్థానం నదులలోకి ఆ మట్టిని వదలరాదని తీర్పు చెప్పింది. అంతటితో ఆ పద్ధతికి ఆట కట్టింది. బంగారం కంటె పంట మిన్న అని ఒక కోర్టు తేల్చిన సందర్భంగా ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

నిజంగానే తరువాతి సంపద పంట నుండి వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఉన్న సాంటా క్లారా లోయ ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ తోటలతో నిండి, వసంతంలో తెల్లని పూలమయమై కనిపించేదట. 'హృదయానందపు లోయ' అని దానికి పేరు. రైలుమార్గాల అధిపతి లీలండ్ స్టాన్‌ఫర్డ్ మరణించిన తన ఏకైక కుమారుని స్మృత్యర్థం స్థాపించిన విశ్వవిద్యాలయం 1891లో ఆ లోయ అంచున ప్రారంభమయింది. అక్కడి విద్యార్థులు హ్యూలెట్, పాకర్డ్ 1939లో ఒక కారు షెడ్డులో ఎలక్ట్రానిక్ పరికరాల తయారీకి పూనుకున్నారు. 1956లో ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తలలో ఒకరైన షాక్లీ మౌంటెన్ వ్యూలో ప్రయోగశాల పెట్టాడు. ఆయన ధోరణి సహించలేక ఎనిమిది మంది మరుసటి ఏడే బయటికి వచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కంపెనీకి రూపమిచ్చారు. వారిలో ఇద్దరు 1968లో ఇంటెల్‌ను స్థాపించారు. 1971లో ఒక పత్రికలో 'సిలికాన్ వ్యాలీ' అన్న మాట అచ్చయింది. పూలతోటల పేరు మరుగున పడింది.

ఈ మార్పునకు మూల్యమెంత? తోటలకు, పట్టణాలకు బావుల నుండి విపరీతంగా నీరు తోడినందువల్ల 1970 నాటికే శాన్‌హొసే నగర మధ్యభాగం సుమారు 4 మీటర్లు కుంగిపోయింది. దూరం నుండి కాలువల ద్వారా నీరు తెచ్చి, ఇంకుడు చెరువులు నింపిన తరువాతనే ఆ కుంగుబాటు ఆగింది. కొత్త పరిశ్రమకు పొగగొట్టాలు లేవు కనుక అది పరిశుభ్రమైనదని అందరూ నమ్మారు. 1981లో ఒక చిప్‌ల కర్మాగారంలో భూమిలో పాతిన తొట్టి నుండి ద్రావకాలు కారి తాగునీటి బావిలో కలిశాయని బయటపడింది. వెదకగా అటువంటి చోట్లు ఇంకా అనేకం తేలాయి. అమెరికా ప్రభుత్వం అత్యంత కలుషితమైనవిగా గుర్తించిన స్థలాలు ఇరవైకి పైగా ఆ ఒక్క కౌంటీలోనే ఉన్నాయి. మరే కౌంటీలోనూ అన్ని లేవు.

2024లో కాలిఫోర్నియా వార్షికోత్పత్తి 4.1 లక్షల కోట్ల డాలర్లు. అది ఒక దేశమైతే ప్రపంచంలో నాలుగవ స్థానంలో నిలుస్తుంది. ప్రపంచపు బాదం పంటలో దాదాపు ఐదింట నాలుగు వంతులు అక్కడే పండుతున్నది. హాలీవుడ్ సినిమాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తెలుగువారికి ఈ రాష్ట్రంతో ఉన్న సంబంధం సాఫ్ట్‌వేర్‌తో మొదలుకాలేదు. కనిగిరి ప్రాంతానికి చెందిన దరిశి చెంచయ్య 1912లో చదువు కోసం అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలో గదర్ పార్టీలో చేరాడు. ఆ పార్టీ పత్రిక 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి వెలువడింది. తరువాత ఆయన సయాంలో పట్టుబడి కారాగారవాసం అనుభవించాడు. 'నేనూ – నా దేశం' ఆయన ఆత్మకథ. ఆ రోజులలో అక్కడ భారతీయులకు గౌరవం లేదు. ఆసియావాసులు భూమి కొనరాదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 1946లో ఆ నిషేధం తొలగింది. 1965 నాటి వలస చట్టంతో చదువుకున్నవారికి తలుపులు తెరుచుకున్నాయి. నేడు ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి పట్టణాలలో తెలుగు మాట వినబడటం విశేషం కాదు. 2001లో ఏర్పడిన సిలికానాంధ్ర సంస్థ 2007 నుండి 'మనబడి' ద్వారా అక్కడి పిల్లలకు తెలుగు నేర్పుతున్నది.

ఇక రాతి నేల సంగతి. మాదాపూర్ చుట్టూ కనిపించే గ్రానైట్ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకు, వానకు పగిలి, అరిగి, ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచిన ఆ గుండ్లను ఏ శిల్పీ చెక్కలేదు. వాటి సందులలో వాననీరు నిలిచే చోట మన పూర్వులు కట్టలు కట్టి చెరువులు చేశారు. దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది. సాంటా క్లారా ప్లమ్ తోటల వలె హైదరాబాదు పరిసరాలకూ ఒక పండు ఖ్యాతి తెచ్చింది. అది అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష. ఆ తోటలలో చాలా భాగం నేడు ఇళ్ళ స్థలాలు.

1998లో ఇక్కడ మూడు సంఘటనలు జరిగాయి. అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ గచ్చిబౌలిలో ప్రారంభమయింది. పసిఫిక్ తీరపు మరో రాష్ట్రం వాషింగ్టన్‌కు చెందిన మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో అభివృద్ధి కేంద్రాన్ని తెరిచింది. నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చాడు. పత్రికలన్నీ ఆ వేడుకను వర్ణించాయి. కాని సరిగ్గా రెండు వారాల క్రితమే, మార్చి 10న, సాంకేతిక కంపెనీల వాటాలు అధికంగా ఉన్న నాస్‌డాక్ సూచీ శిఖరానికి చేరి దిగజారడం మొదలుపెట్టింది. 2002 అక్టోబరు నాటికి దాని విలువలో మూడు వంతులకు పైగా హరించుకుపోయింది. అక్కడ కంపెనీలు మూతపడితే ఇక్కడ కొత్త నియామకాలు ఆగాయి. అమెరికా నుండి ఉద్యోగం పోగొట్టుకొని ఇంటికి తిరిగివచ్చిన యువకులను ఆ కాలంలో ఎన్నో వీధులు చూశాయి.

ఆ తరువాత పుంజుకున్న వేగమూ తక్కువది కాదు. 2013-14లో 57,258 కోట్ల రూపాయలుగా ఉన్న తెలంగాణ సమాచార సాంకేతిక ఎగుమతులు 2022-23లో 2,41,275 కోట్లకు చేరాయి. ఉద్యోగుల సంఖ్య 3,23,396 నుండి 9,05,715కు పెరిగింది. ఇందులో అధికభాగం ఈ పడమటి ప్రాంతానిదే. గూగుల్, ఫేస్‌బుక్, ఆపిల్, క్వాల్‌కామ్ వంటి కాలిఫోర్నియా సంస్థలు ఇక్కడ కార్యాలయాలు నెలకొల్పాయి. చలికాలంలో మనకూ కాలిఫోర్నియాకూ పదమూడున్నర గంటల వ్యత్యాసం. మాదాపూర్‌లో రాత్రి తొమ్మిదయితే అక్కడ ఉదయం ఏడున్నర. అక్కడివారు కాఫీ తాగుతూ పని మొదలుపెట్టే వేళకు ఇక్కడివారు భోజనం పక్కన పెట్టి వారితో మాట్లాడాలి. పని నిర్ణయమయ్యేది అక్కడ, జరిగేది ఇక్కడ. పారలు అమ్మిన వర్తకుని వలె మనవారికీ లాభం దక్కింది, నిజమే. అయితే గని ఎవరిది అన్న ప్రశ్న అప్పుడప్పుడూ తలెత్తక మానదు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఆ ప్రశ్న మన ఇళ్ళలోకే వచ్చింది.

నేల విషయానికి వస్తే, పేలుడు మందుతో పిండిచేసిన గుండ్లకు లెక్క లేదు. కొన్నింటిని మాత్రం వారసత్వ సంపద జాబితాలో చేర్చి కాపాడారు. శిల్పారామంలోని 'ఎలుగుబంటి ముక్కు', హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని 'పుట్టగొడుగు శిల' వాటిలో ఉన్నాయి. ఒకప్పుడు కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు మురుగునీటి బాధ పడింది. 2020లో దానిపై తీగల వంతెన వెలసింది. నగరం మాత్రం కృష్ణా, గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుండి గొట్టాలలో తెచ్చుకొని తాగుతున్నది.

ఆ పుట్టగొడుగు శిల ఉన్న విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని కంచ గచ్చిబౌలి ఉన్నది. కంచ అంటే పశువుల మేతకు విడిచిన బీడు. అక్కడి నాలుగు వందల ఎకరాలలో జింకలు, నెమళ్ళు తిరుగుతుంటాయి. ఆ భూమిని సమాచార సాంకేతిక సంస్థలకు కేటాయించే ఉద్దేశంతో 2025 మార్చి నెలాఖరున యంత్రాలతో చెట్లు తొలగించడం మొదలుపెట్టగా విద్యార్థులు అడ్డు నిలిచారు. ఉద్యోగాలు కావలసినది ఆ విద్యార్థులకే. చెట్లు ఉండాలని కోరినదీ వారే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేయవలసినదిగా ఆదేశించింది.

అర్థాలు
అనావృష్టి : వానలు లేకపోవడం
భూభ్రంశరేఖ : భూమి లోపలి పొరలు విరిగి జరిగే చోటు
సంక్రమించు : ఒకరి నుండి మరొకరికి చేరు
ద్రావకం : ఇతర పదార్థాలను కరిగించుకొనే ద్రవం

ప్రశ్నలు
1. కాలిఫోర్నియా సంపద బంగారం నుండి పంటకు, పంట నుండి సిలికాన్‌కు మారిన క్రమాన్ని వివరించండి.
2. 1884 నాటి తీర్పునకు, 2025 నాటి ఆదేశానికి ఉన్న పోలికలేవి? భేదాలేవి?
3. "గని ఎవరిది?" అన్న ప్రశ్నను సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలోని ఒక చెరువు లేదా గుట్ట గురించి పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.