ఊపిరి మాస్కుకు అనువైన తలపట్టీలు

గురక మనకందరకును పరిచితమైనదే. దానిని గాఢనిద్రకు గుర్తుగా భావించి నవ్వి ఊరకుండుట మన గ్రామములలో వాడుక. కాని గురక పెట్టు మనిషికి నడుమ నడుమ ఊపిరి ఆగి, పిమ్మట ఉక్కిరిబిక్కిరియై మరల గాలి పీల్చుకొనుచున్నచో అది వ్యాధి లక్షణము కావచ్చును. దీనిని వైద్యులు స్లీప్ ఆప్నియా అందురు. నిద్రలో గొంతు వెనుకటి మెత్తని భాగములు సడలి గాలిదారిని మూసివేయుటచే ఇది కలుగును. 10 సెకండ్లు గాని అంతకు మించి గాని శ్వాస ఆగుటయో, మిక్కిలి తగ్గుటయో జరిగినచో దానిని ఒక పర్యాయముగా లెక్కింతురు. ఇట్టివి గంటకు 30కి తక్కువ కాకుండ వచ్చినచో వ్యాధి తీవ్రమైనదని నిర్ణయింతురు. రాత్రి నిద్ర చెడుటచే పగలు కునికిపాట్లు వచ్చును. ట్రాక్టరు, లారీ నడుపువారికి ఇది ప్రాణాపాయకరము.

ఈ వ్యాధికి 1981లో ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగర వైద్యుడు కాలిన్ సల్లివాన్ ఒక చక్కని ఉపాయమును లోకమునకు వెల్లడించెను. చిన్న యంత్రము గదిలోని గాలిని స్వల్పమైన ఒత్తిడితో గొట్టము ద్వారా ముక్కునకు పంపును. ఆ ఒత్తిడి గాలిదారిని మూసికొననీయదు. ఈ యంత్రమునే సీపాప్ అందురు. తొలినాళ్ళలో మాస్కును రోగి ముఖమునకు ప్రతిరాత్రియు జిగురుతో అంటించెడివారు. ఆ బాధను తప్పించినవి తలపట్టీలు.

పట్టీ చిన్నది, పని పెద్దది

ఇటీవల ఒక గ్రామములో మేము ఒక వృద్ధ రైతును కలిసికొంటిమి. పక్షవాతముచే ఆయన ఎడమచేయి పట్టు తప్పినది. వైద్యుని సలహాపై కుమారుడు యంత్రమును కొని తెచ్చెను. మాస్కునకు నాలుగు పట్టీలు, నాలుగు కొసలు. చీకటిలో ఏది పైదో, ఏది క్రిందిదో తెలియదు. భార్యకు చూపు తక్కువ. పది దినములు ఇరువురును కుస్తీ పట్టిరి. పదునొకండవనాడు యంత్రము అటకెక్కినది.

"అయ్యా, కుర్రతనంలో ఎద్దు మూతికి చిక్కం చిటికెలో కట్టేవాణ్ణి. ఇప్పుడు నా మూతికి నేను కట్టుకోలేకపోతున్నాను" అని ఆయన మాతో అనెను.

యంత్రము చెడలేదు. విద్యుచ్ఛక్తి లేకపోలేదు. పట్టీ ఒక్కటే అడ్డము వచ్చినది. వాడని యంత్రము ఎంత మంచిదైనను రోగికి మేలు చేయదు గదా!

అనువైన పట్టీ లక్షణములు

మొదటిది: ప్రతిరాత్రియు బిగువు మార్చవలసిన పని ఉండరాదు. కొలత ఒకమారు కుదిరిన పిమ్మట పై పట్టీలను అట్లే ఉంచి, క్రింది కొక్కెములను మాత్రము తీసి, టోపీవలె తొడుగుకొనునట్లు ఉండవలెను.

రెండవది: చేతి స్పర్శతోనే పై పట్టీ, క్రింది పట్టీ తెలియవలెను. రంగు భేదము పగటికే గాని చీకటికి చాలదు.

మూడవది: కొసను పట్టుకొనుటకు వ్రేలు దూరునంత ఉంగరము ఉండవలెను. కీళ్ళవాతము గలవారు సన్నని కొసను గిల్లి లాగజాలరు.

నాల్గవది: వెనుక భాగము తల వెనుకటి ఎముక గుబ్బకు దిగువగా నిలువవలెను, పైకి జారరాదు. స్త్రీలకు జడయో కొప్పో ఇమిడెడి సందు ఉండవలెను.

నేడు పెక్కు పట్టీలకు వెల్క్రో అతుకు ఉండును. మన పొలము గట్లపై ఉత్తరేణి బట్టలకంటుకొనునట్లే, అడవిలో తన బట్టలకును, కుక్క బొచ్చునకును అంటుకొనిన కాయలను చూచి స్విట్జర్లాండు ఇంజనీరు జార్జి డి మెస్ట్రాల్ 1941లో ఈ అతుకును ఊహించెను. దాని కొక్కెములలో వెండ్రుకలు, నూలుపోగులు చిక్కుకొనినచో పట్టు తగ్గును. పాత పండ్ల బ్రష్షుతో వానిని తీసివేయవలెను.

బిగించుటలో మెలకువ

గాలి కారుచున్నదని పట్టీని ఇంకను బిగించుట పలువురు చేయు పొరపాటు. మాస్కు అంచున ఉండు మెత్తని సిలికాను గాలి ఒత్తిడికి ఉబ్బి ముఖమునకు హత్తుకొనును. మితిమీరి బిగించినచో అది నలిగి గాలి మరింత కారును. కాడి ఒరిపిడికి ఎద్దు మెడ పుండైనట్లే ముక్కు దూలము పుండగును. కావున యంత్రమును నడిపి, పడుకొని, ఇరుప్రక్కల సమానముగా సరిచూచుకొనవలెను. పట్టీ క్రింద వ్రేలు దూరవలెను. పట్టీలను వారమునకొకమారు మృదువైన సబ్బునీటిలో చేతితో ఉతికి నీడలో ఆరవేయవలెను.

తొడుగుటకంటె తీయుట ముఖ్యము. విద్యుచ్ఛక్తి పోయినను, వాంతి వచ్చినను రోగి వెంటనే మాస్కును తొలగించుకొనవలెను. ముక్కును నోటిని కప్పు మాస్కును స్వయముగా తీసికొనలేనివారు వాడరాదు. కొన్ని మాస్కులకు అయస్కాంతపు కొక్కెములు ఉన్నవి. ఇవి వణకు చేతులకు మిక్కిలి సులభము. కాని గుండెలో పేస్‌మేకరు వంటి సాధనము గలవారును, ప్రక్కన పడుకొనువారికి అట్టివి ఉన్నవారును వైద్యుని అడుగక వీనిని వాడరాదు. ఆ సాధనములకు అయస్కాంతము కనీసము 15 సెంటీమీటర్ల దూరమున ఉండవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగినది

ఆ వృద్ధ రైతు విషయములో ఊరి దర్జీ సాయపడెను. పై పట్టీల మీద లావుదారముతో ముడులవలె కుట్టు వేసెను. క్రింది పట్టీల కొసలకు గుడ్డ ఉంగరములు కుట్టెను. మాస్కును గాని, ఊపిరి వెలువడు సన్నని రంధ్రములను గాని తాకలేదు. ఆరోగ్య కేంద్రపు నర్సు దానిని చూచి, ఆయనచే కుడిచేతితోనే ముమ్మారు తొడిగించి, ముమ్మారు తీయించి, పిమ్మటనే వాడుటకు సమ్మతించెను. మేము రెండవమారు వెళ్ళునప్పటికి యంత్రము అటక దిగి మంచము ప్రక్కకు చేరినది.

మీ గ్రామములో ఇట్లు అటకెక్కిన యంత్రములు ఉన్నవేమో విచారింపుడు. "ఎందుకు వాడుట లేదు?" అని మందలింపక, "ఎక్కడ కష్టమగుచున్నది?" అని అడుగుడు. పట్టీ కష్టమైనచో రోగిని ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి, అమర్చి చూపింపుడు. గురకతోపాటు ఊపిరి ఆగువారిని, పగలు కునుకుచు వాహనము నడుపువారిని వైద్యపరీక్షకు పంపుడు. రోడ్డును, బావిని బాగుచేయించు చేతులు ఒక వృద్ధుని తలపట్టీని కూడ సరిచేయించినచో, ఆ ఇంట రాత్రి నిద్ర నిశ్చింతగా సాగును.