కొండనుండి కడలికి

బాలలారా! పెన్నానది బంగాళాఖాతమున కలియు చోటికి సమీపమున నిలిచి, పిడికెడు ఇసుకనెత్తి యెండకు పట్టి చూడుడు. అందు తళుకులీను సన్నని రేకులు కొన్ని కనబడును. వీనినే జనులు కాకిబంగారమందురు, శాస్త్రజ్ఞులు అభ్రకమందురు. ఈ రేకులు ఎచటినుండి వచ్చినవి?

నెల్లూరు సీమకు పడమట వెలికొండలు కోటగోడవలె నిలిచియున్నవి. వాని శిలలలో అధికభాగము ఒకనాడు సముద్రగర్భమున పేరుకొన్న ఇసుకయే. పైపొరల బరువునకు, భూగర్భమునందలి వేడిమికి ఆ యిసుక గట్టిపడి రాయి అయ్యెను. భూమి లోపలి ఒత్తిడిచే ఆ రాతిపొరలు మడతలుపడి, పైకి లేచి కొండలైనవి.

వెలికొండలకు తూర్పున మైదానము క్రిందనున్న శిలలు మిక్కిలి ప్రాచీనములు. నూరుకోట్ల యేండ్లకు పూర్వమే కరిగిన శిలాద్రవము వాని పగుళ్లలోనికి చొచ్చుకొనిపోయి మెల్లమెల్లగా చల్లారెను. అందువలన పలుగురాయి, అభ్రకము మొదలగువాని స్ఫటికములు మిగుల పెద్దవిగా పెరిగినవి. గూడూరునుండి సంగంవరకు సుమారు 100 కిలోమీటర్ల పొడవున ఈ అభ్రకపు నేల వ్యాపించియున్నది. నెల్లూరు అభ్రకము కొంచెము ఆకుపచ్చని ఛాయ కలది. పుస్తకములోని పుటలవలె అది పొరలుపొరలుగా విడిపోవును. విద్యుత్తును తనగుండ పోనీయదు, వేడికి చెడదు. కావున 1939–45 నాటి రెండవ ప్రపంచయుద్ధకాలమున దానికి గిరాకి హెచ్చెను. పిమ్మట కృత్రిమపదార్థములు వచ్చుటచే గిరాకి తగ్గి, పెక్కు గనులు మూతబడినవి. గనిలో రాయిని తొలుచునపుడు లేచు ధూళిని ఏండ్లతరబడి పీల్చిన కూలీలు ఊపిరితిత్తుల వ్యాధికి లోనగుదురు. ఆ తళుకు వెనుక వారి కష్టము కలదు.

ఎండవానలు రాళ్లను నిత్యము పగులజేయుచున్నవి. కర్ణాటకమందలి నంది పర్వతములలో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రవహించుచు, సోమశిలయొద్ద వెలికొండలను చీల్చుకొని, సంగంమీదుగా వచ్చి, ఆ రాతిపొడిని తీరమునకు చేర్చుచున్నది. పేరుగన్న నెల్లూరు మొలగొలుకులు పండినది ఈ నది తెచ్చిన ఒండ్రుమట్టిలోనే. సముద్రపుటిసుక కొండయైనది, కొండ మరల ఇసుకయై సముద్రమును చేరుచున్నది.

రైతు కోసిన పంట మరుసటి యేట మరల వచ్చును. గనికి మాత్రము ఒక్కటే కారు. కోట్ల యేండ్లలో ఏర్పడినదానిని మనము కొలది దినములలో త్రవ్వివేయగలము, తిరిగి చేయలేము. పిడికిటనున్న ఇసుకను జారవిడుచునపుడు ఈ మాట మరువకుడు.