పాత డెస్క్‌టాప్ మూత విప్పే పిల్లల్ని ఆపకండి

నెల్లూరు జిల్లాలో జలదంకి, కలిగిరి, వింజమూరు వైపు పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలా ఇళ్లలో వినిపించే దారి ఒక్కటే. ఇంటర్‌లో ఎంపీసీ, ఆపైన సీఎస్‌ఈ, అదీ అయ్యాక హైదరాబాద్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్. కంప్యూటర్ చదువంటే సాఫ్ట్‌వేరేననీ, పెట్టె మూత విప్పి స్క్రూడ్రైవర్ పట్టేది చదువబ్బని వాళ్ల పనేననీ తల్లిదండ్రుల నమ్మకం. ఆ నమ్మకం తప్పు. పాత డెస్క్‌టాప్‌కి కొత్త ప్రాసెసర్ పడుతుందో లేదో తేల్చే పనినే తీసుకోండి, అందులో ఎంత చదువుందో తెలుస్తుంది.

జిరాక్సు షాపులోనో ఎరువుల కొట్లోనో ఇంకా నడుస్తున్న, 2011 నాటి హెచ్61 మదర్‌బోర్డు, ఇంటెల్ రెండో తరం ఐ3 ప్రాసెసర్ ఉన్న యంత్రం అనుకుందాం. ముందు బోర్డు మోడల్ తెలుసుకోవాలి. విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో గానీ బోర్డు మీద గానీ అది ఉంటుంది. తర్వాత తయారీదారు ప్రకటించిన ప్రాసెసర్ల జాబితా చూడాలి. ఎల్‌జీఏ 1155 సాకెట్ కాబట్టి మూడో తరం వరకు పడుతుంది, అదీ చాలా బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ చేశాకే. నాలుగో తరానికి సాకెట్టే వేరు. ఇక ఆరు, ఏడు తరాలదీ ఎనిమిది, తొమ్మిది తరాలదీ ఎల్‌జీఏ 1151 సాకెట్టే. అయినా పాత వంద, రెండు వందల సిరీస్ బోర్డు మీద ఎనిమిదో తరం పనిచేయదు. పేరు చూసి ప్రాసెసర్ కొన్నవాళ్ల డబ్బు అక్కడే పోతుంది. బ్రాండెడ్ పెట్టెల్లో అయితే కంపెనీ బయోస్ గుర్తించినవే నడుస్తాయి. కొత్త ప్రాసెసర్ తాగే కరెంటును బోర్డు, ఎస్ఎంపీఎస్ మోయగలవా, దాని వేడికి ఫ్యాన్ చాలుతుందా అన్నదీ లెక్క చూడాలి. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు, కనుక యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టకూడదు.

ఇంత చూశాక చాలాసార్లు వచ్చే సరైన జవాబు, ప్రాసెసర్ మార్చవద్దనే. హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచితే తక్కువ ఖర్చుతో యంత్రం చురుకవుతుంది. మూడో తరం ప్రాసెసర్ వేసినా విండోస్ 11కి అధికారికంగా అర్హత రాదు. ఇంటెల్‌లో అది ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి లినక్స్ వేయడమో, బోర్డుతో సహా మార్చడమో చేయాలని కొట్టు యజమానికి అర్థమయ్యేలా చెప్పాలి. పత్రాలు చదవడం, కారణం వెతకడం, ఖర్చు తూచడం, అమ్మకం పోయినా నిజం చెప్పడం, ఇవన్నీ ఆ ఒక్క జవాబులో ఉన్నాయి. రేపు నెట్‌వర్క్‌నో సర్వర్‌నో చూసే ఉద్యోగికి కావలసిన బుద్ధీ ఇదే.

జీతం తక్కువ కదా అంటారు. మొదట్లో తక్కువే, దాచనక్కర్లేదు. ఇప్పుడు అందరివీ ల్యాప్‌టాప్‌లేననీ, వాటిలో ప్రాసెసర్ బోర్డుకే అతికించి ఉంటుందనీ మరో మాట. అదీ నిజమే. అందుకే ప్రాసెసర్ మార్పు దగ్గర ఆగిపోకుండా నెట్‌వర్కింగ్, లినక్స్, సీసీ కెమెరాలు, సర్వర్ల వైపు నడవాలి. సచివాలయాలు, బ్యాంకులు, బడులు, ఆసుపత్రులు కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి. వాటిని నిలబెట్టే మనిషి దగ్గర్లో ఉండాల్సిందే.

నాకు భయం కలిగించేది ఆ జీతం కాదు, అప్పు చేసి కట్టే కోచింగ్ ఫీజు. ఉద్యోగం గ్యారంటీ అన్న బోర్డు చూసి పొలం తాకట్టు పెట్టకండి. లేని అనుభవానికి సర్టిఫికెట్ ఇస్తామన్న చోట నుంచి పిల్లల్ని వెంటనే వెనక్కి తెచ్చుకోండి. కంపెనీ విచారణలో అది బయటపడితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది. హార్డ్‌వేర్ కోర్సులైనా అంతే: బోర్డులు విప్పనివ్వకుండా స్లైడ్లు చూపే సంస్థకు రూపాయి కట్టవద్దు. ప్రభుత్వ ఐటీఐ, పాలిటెక్నిక్‌లే నా మొదటి ఎంపిక. రెండింటికీ పదో తరగతి చాలు. పాలిటెక్నిక్‌కి పాలిసెట్ రాయాలి. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఇంజినీరింగ్ మీద మనసైతే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు, దారి ఎక్కడా మూసుకుపోదు.

కోడింగ్ ఇష్టమైన పిల్లలు సీఎస్‌ఈకే వెళ్లాలి, వాళ్లను ఆపమనడం లేదు. మూత విప్పి చూసే పిల్లను, పిల్లవాణ్ని మాత్రం పక్కింటి ప్యాకేజీతో పోల్చి చిన్నబుచ్చకండి. ఈ సెలవుల్లో ఇంట్లో మూలపడ్డ డెస్క్‌టాప్‌ను ప్లగ్గు తీసి వాళ్ల చేతికివ్వండి. దానికి ఏ ప్రాసెసర్ పడుతుందో, ఎందుకు పడుతుందో కాగితం మీద రాసి చూపమనండి.